అడవి పందుల బెడద: పంట రక్షణకు తుపాకీ, తూటా ఎంపికలో రైతు తెలుసుకోవాల్సిన విషయాలు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశకు, వేరుశనగ కాయ ఊరే దశకు వచ్చిందంటే అడవి అంచు గ్రామాల రైతులకు కంటి మీద కునుకు ఉండదు. ఒక్క రాత్రి పందుల మంద చేలో దిగితే నాలుగు నెలల కష్టం తెల్లారేసరికి నేలపాలవుతుంది. అవి తినేదాని కంటే తొక్కి, పొర్లి పాడుచేసేదే ఎక్కువ. ఈ బాధతోనే చాలామంది రైతులు తుపాకీ ఒకటి ఉంటే బాగుండునని అనుకుంటారు. కొందరు నాటు తుపాకీ కోసం వెతుకుతారు. మరికొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. చివరికి పంది తప్పించుకుంటుంది, పక్క పొలం రైతో, నీళ్లు పెట్టడానికి వెళ్లిన సొంత కొడుకో ప్రాణం పోగొట్టుకుంటాడు.

పంట రక్షణకు తుపాకీ లైసెన్సు తీసుకునే వీలు చట్టంలో ఉంది. అయితే తుపాకీ లైసెన్సు వేరు, అడవి పందిని కాల్చడానికి అనుమతి వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని కేసుల్లో ఇరుక్కున్న రైతులు ఉన్నారు. ఎవరికి తుపాకీ అవసరం, ఏ రకం తీసుకోవాలి, ఏ తూటా వాడాలి, ఏది వాడకూడదు, తుపాకీ లేకుండా పంటను ఎలా కాపాడుకోవచ్చు అన్న వివరాలు ఈ వ్యాసంలో చూద్దాం.

ముందు చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి

అడవి పంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. 2022లో చేసిన సవరణ తర్వాత ఇది రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా చంపినా, ఉచ్చు వేసినా, విషం పెట్టినా అది వేట కిందికే వస్తుంది. దీనికి 3 సంవత్సరాల వరకు జైలు, 1 లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అదే చట్టంలోని 11వ సెక్షన్ రైతుకు ఒక దారి చూపింది. పొలంలో నిలిచి ఉన్న పంటకు ప్రమాదంగా మారిన రెండో షెడ్యూలు జంతువును వేటాడడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణ అధికారి గానీ, ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. నోటి మాటతో ఇచ్చిన అనుమతి చెల్లదు. "బీట్ ఆఫీసరు కాల్చుకోమన్నాడు" అంటే కోర్టులో నిలబడదు.

ఈ కింది విషయాలు కూడా గుర్తుంచుకోండి:

- అనుమతితో చంపిన పంది కూడా ప్రభుత్వ ఆస్తి. దాని మాంసం పంచుకోవడం, అమ్మడం నేరం. కళేబరాన్ని అటవీ సిబ్బందికి అప్పగించి పంచనామా చేయించాలి.
- 62వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం రెండో షెడ్యూలులోని ఏదైనా జంతువును ఒక ప్రాంతంలో, కొంత కాలానికి హానికర జంతువుగా ప్రకటించవచ్చు. 2015, 2016లలో బీహార్, ఉత్తరాఖండ్‌లలోని కొన్ని ప్రాంతాల్లో అడవి పందులను ఇలాగే ప్రకటించారు. మీ ప్రాంతానికి అలాంటి నోటిఫికేషన్ లేనంత వరకు అనుమతి తప్పనిసరి.
- పంది మీదికి దూకినప్పుడు ప్రాణరక్షణ కోసం చంపితే అది నేరం కాదు. కానీ అప్పటికే చట్టవిరుద్ధమైన పని చేస్తూ ఉంటే, ఉదాహరణకు నాటు తుపాకీతో వేటకు వెళ్లి ఉంటే, ఈ మినహాయింపు వర్తించదు.
- నెమలి మొదటి షెడ్యూలులోని పక్షి, మన జాతీయ పక్షి. విత్తనాలు ఏరినా, మొలకలు తిన్నా దాని జోలికి వెళ్లకూడదు. చంపితే కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. కృష్ణజింక కూడా ఇదే షెడ్యూలులో ఉంది.

చిన్న రైతుకు తుపాకీ అవసరమా?

ఒకటి రెండు ఎకరాలు ఉన్న రైతు సొంతంగా తుపాకీ కొనే ముందు నాలుగు విషయాలు ఆలోచించాలి.

మొదటిది, అనుమతి ఉత్తర్వు లేకుండా ఆ తుపాకీతో పందిని కాల్చడానికి వీల్లేదు. అటవీ శాఖ అనుమతి ఇచ్చినా, సాధారణంగా తమ జాబితాలో ఉన్న లైసెన్సు గల షూటర్ల చేతే కాల్పిస్తుంది. ఆ షూటరు తన తుపాకీ, తన తూటాలు తెచ్చుకుంటాడు.

రెండోది, పంది రాత్రిపూట వస్తుంది. వాసన పసిగట్టడంలో దిట్ట. కొన్నిసార్లు కాల్పులు జరిగాక మంద దారి మార్చి, వేళ మార్చి వస్తుంది. పంట కాలమంతా ఒక్క మనిషి మేల్కొని కాపలా కాయలేడు.

మూడోది, ఒక ఆడ పంది ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లల వరకు పెడుతుంది. ఒక పందిని చంపినంత మాత్రాన మీ చేనుకు రక్షణ రాదు. పందిని లోపలికి రానివ్వని కంచె పంట చేతికొచ్చే వరకు పనిచేస్తుంది.

నాలుగోది, ఖర్చు. తుపాకీ ధరతో పాటు శిక్షణ, తూటాలు, ఇనుప పెట్టె, లైసెన్సు రెన్యువల్ ఖర్చులు ఉంటాయి. ఎన్నికలప్పుడు తుపాకీని పోలీసు స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తే, సరిగ్గా ఆ సీజనులో అది మీ దగ్గర ఉండదు.

అందువల్ల చాలామంది చిన్న రైతులకు కంచె మీద పెట్టే డబ్బే ఎక్కువ ఉపయోగం. ఇప్పటికే లైసెన్సు ఉన్నవారు, తాతల నాటి తుపాకీ వారసత్వంగా వచ్చినవారు, అడవిలోకి చొచ్చుకుని ఉన్న పొలాల్లో కాపురం ఉండేవారు, అటవీ శాఖ షూటర్ల జాబితాలో చేరాలనుకునేవారు మాత్రం కింది వివరాలు జాగ్రత్తగా చదవండి.

లైసెన్సు ఎలా వస్తుంది?

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణ ప్రస్తావన ఉంది. నిజంగా పంట రక్షణకే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. అది సరిపోదని అధికారి భావిస్తే, గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గని, లోపల నున్నగా ఉండే ఇతర తుపాకీకి ఇవ్వవచ్చు. పంట రక్షణ కోసం చట్టం రైఫిల్ పేరు చెప్పలేదని గమనించండి.

- దరఖాస్తుదారుకు 21 సంవత్సరాలు నిండి ఉండాలి.
- జిల్లాలో కలెక్టరు, పోలీసు కమిషనరేట్ ఉన్నచోట కమిషనరు లైసెన్సు ఇస్తారు.
- 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం తుపాకీ భద్రతపై శిక్షణ పొందిన ధ్రువపత్రం కావాలి.
- పోలీసు విచారణ జరుగుతుంది. పట్టాదారు పాసు పుస్తకం, పంట వివరాలు, గతంలో పంట నష్టంపై ఇచ్చిన ఫిర్యాదుల నకళ్లు జతచేస్తే మీ అవసరం నిజమైనదని చూపించవచ్చు.
- 2019 సవరణ తర్వాత లైసెన్సు కాలపరిమితి 5 సంవత్సరాలు. ఒకరి దగ్గర గరిష్ఠంగా 2 తుపాకులే ఉండవచ్చు.
- మీ ఊరు ఏదైనా అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉంటే, ముఖ్య వన్యప్రాణి సంరక్షణ అధికారి ముందస్తు సమ్మతి లేకుండా కొత్త లైసెన్సు రాదు. ఉన్న లైసెన్సునూ అటవీ శాఖ దగ్గర నమోదు చేయించాలి. కవ్వాల్, అమ్రాబాద్, ఏటూరునాగారం, నాగార్జునసాగర్–శ్రీశైలం, కౌండిన్య వంటి అభయారణ్యాల చుట్టుపక్కల రైతులు దీన్ని ముఖ్యంగా గమనించాలి.

వారసత్వంగా వచ్చిన తుపాకీ విషయంలో చాలామంది పొరబడతారు. తండ్రి చనిపోయాక ఆయన లైసెన్సుతో కొడుకు తుపాకీ ఉంచుకోకూడదు. వెంటనే పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకుని, తన పేరు మీద దరఖాస్తు చేసుకోవాలి.

ఏ తుపాకీ దేనికి?

*మూతి నుంచి మందు దట్టించే తుపాకీ:* గొట్టం మూతిలో తుపాకీ మందు పోసి, గుడ్డ దట్టించి, గుండ్లు వేసి కాల్చేది. ఒకసారి కాల్చాక మళ్లీ నింపడానికి చాలా సమయం పడుతుంది. వానాకాలంలో మందు చెమ్మగిల్లి పేలదు. గాయపడిన పంది ఎదురు తిరిగితే రెండో దెబ్బకు అవకాశం ఉండదు. చప్పుడుతో బెదరగొట్టడానికి మాత్రమే పనికొస్తుంది, పందిని పడగొట్టడానికి ఇది సరైనది కాదు.

*12 బోర్ తుపాకీ:* గొట్టం లోపల నున్నగా, సుమారు 18.5 మి.మీ. వెడల్పుతో ఉంటుంది. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు సరిపోయే గొట్టం కాబట్టి ఆ పేరు వచ్చింది. ఒంటి గొట్టం, జంట గొట్టాల రకాలు దొరుకుతాయి. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు తయారు చేసినవి మన దేశంలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పొలంలో దగ్గరి దూరానికి, సరైన తూటాతో, ఇదే అనువైనది. జంట గొట్టాల తుపాకీలో రెండో దెబ్బ వెంటనే సిద్ధంగా ఉంటుంది. గట్టు దాటేటప్పుడు మధ్యలో విరిచి తెరిచి పట్టుకుంటే ఖాళీగా ఉందో లేదో అందరికీ కనబడుతుంది. కొత్తవారికి ఇది పెద్ద భద్రత.

*.315 బోర్ రైఫిల్:* ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే ఈ రైఫిల్ మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర బాగా కనబడుతుంది. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉండడం వల్ల బుల్లెట్ తిరుగుతూ నిటారుగా, దూరంగా పోతుంది. పందిని పడగొట్టే శక్తి ఇందులో ఉంది. ఇబ్బందల్లా గురి తప్పిన బుల్లెట్ ఎక్కడికి పోతుందన్నదే. అది 2 కిలోమీటర్లు దాటి కూడా ప్రయాణించగలదు. మన పల్లెల్లో 2 కిలోమీటర్ల లోపు మరో గూడెమో, తండానో, బోరు దగ్గర పడుకున్న మనిషో తప్పక ఉంటారు. మంచె మీది నుంచి నేల వైపు, లేదా వెనుక మట్టి దిబ్బ ఉన్నచోట మాత్రమే అనుభవం ఉన్న షూటరు దీన్ని వాడాలి. చదును పొలంలో రాత్రిపూట రైఫిల్ వాడడం ఊరికే ప్రమాదం.

*.22 రైఫిల్:* తూటా చవక, చప్పుడు తక్కువ. అందుకే కొందరు మొగ్గు చూపుతారు. పందికి ఇది ఏమాత్రం చాలదు. భుజం మీది గట్టి చర్మం, కొవ్వు దాటి లోతుగా దిగదు. గాయపడిన పంది పారిపోయి రోజుల తరబడి బాధపడి చస్తుంది, లేదా తెల్లారి కలుపు తీయడానికి వచ్చిన కూలీల మీద పడుతుంది. పైగా ఈ చిన్న బుల్లెట్ రాయికో, గట్టి నేలకో తగిలి పక్కకు ఎగిరిపోతుంది.

*నాటు తుపాకీ:* వాడనే వద్దు. నీళ్ల పైపుతో చేసిన గొట్టం పేలుడు ఒత్తిడిని తట్టుకోలేదు. అది పగిలితే పోయేది కాల్చినవాడి చేతివేళ్లు, కళ్లు. లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంటే 2 నుంచి 5 సంవత్సరాల జైలు. తయారు చేసినా, అమ్మినా 7 సంవత్సరాలకు తగ్గని శిక్ష, యావజ్జీవం వరకు పడవచ్చు.

తూటా ఎంపిక: అసలు మెలకువ ఇక్కడే

12 బోర్ తుపాకీలో ఏ తూటా వేస్తే ఆ పని చేస్తుంది. ఖడ్కీ కర్మాగారం శక్తిమాన్ తూటాలు మన దగ్గర ఎక్కువగా దొరుకుతాయి. పెట్టె మీద రాసిన నంబరు, అక్షరాలను బట్టి లోపలి గుండ్ల పరిమాణం తెలుస్తుంది. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది.

- *6, 8 నంబర్లు:* 6వ నంబరు గుండు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు, 8వ నంబరు ఇంకా చిన్నది. తూటాలో వందల కొద్దీ గుండ్లు ఉంటాయి. చిన్న పిట్టల కోసం తయారైనవి. పంది మీద వాడితే చర్మంలోనే ఆగిపోతాయి. పందిని గాయపరచి రెచ్చగొట్టడం తప్ప ప్రయోజనం లేదు.
- *4, 1, బీబీ:* ఇవి కూడా పెద్ద పక్షులకు, చిన్న జంతువులకు ఉద్దేశించినవే. పందికి చాలవు.
- *ఎస్‌జీ:* గుండు సుమారు 8.4 మి.మీ. చిన్న, మధ్యస్థ పందులకు చాలా దగ్గర నుంచి పనిచేస్తుంది.
- *ఎల్‌జీ:* గుండు సుమారు 9 మి.మీ. తూటాలో తక్కువ గుండ్లు, ఒక్కొక్కటి బరువైనది. పొలంలో పందికి ఎక్కువగా వాడేది ఇదే.
- *ఒంటి గుండు తూటా:* తూటాలో ఒకే ఒక పెద్ద సీసపు గుండు ఉంటుంది. పెద్ద మగ పందికి దెబ్బ గట్టిగా తగులుతుంది. అయితే గురి బాగా కుదరాలి. గొట్టం మూతి ఎంత బిగుతుగా ఉందో చూసి, మీ తుపాకీకి ఇది సరిపోతుందా అని డీలరును అడిగాకే కొనాలి.

ఎల్‌జీ అయినా 30 మీటర్లు దాటితే నమ్మకం లేదు. ఆ దూరానికి గుండ్లు దాదాపు మీటరు వెడల్పున చెదిరిపోతాయి. ఉన్నవే కొద్ది గుండ్లు, అందులో ఒకటో రెండో తగిలితే పంది పడదు. 20 నుంచి 25 మీటర్ల లోపు, పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ముందు కాలి వెనుక గుండె, ఊపిరితిత్తుల మీద గురి పెట్టాలి. పరుగెత్తే పందిని కాల్చకూడదు. మంద మధ్యలోకి కాల్చితే ఒకటి చచ్చి రెండు గాయపడతాయి.

పందిని 30 మీటర్లకు మించి పడగొట్టలేని ఎల్‌జీ గుండు, గాలిలో మాత్రం అర కిలోమీటరు దాటి పోగలదు. కాబట్టి పంది వెనుక ఏముందో కనబడకపోతే ట్రిగ్గరు నొక్కవద్దు. ఎత్తుగా పెరిగిన మొక్కజొన్న, చెరకు తోటలు గుండును ఆపవు, మనిషిని మాత్రం కనబడకుండా దాచేస్తాయి.

తూటాలు కొనేటప్పుడు, దాచేటప్పుడు

1. తూటా పొడవు చూడండి. 65 మి.మీ. తూటాకు చేసిన పాత తుపాకీలో 70 మి.మీ. తూటా లోపలికి పట్టవచ్చు, కానీ పేలినప్పుడు దాని మూతి పూర్తిగా తెరుచుకోవడానికి చోటుండదు. ఒత్తిడి పెరిగి గొట్టం దెబ్బతింటుంది. తుపాకీ మీద చెక్కిన కొలత చూసి కొనండి.
2. 20 బోర్ తూటాలను 12 బోర్ తూటాలతో కలిపి ఒకే సంచిలో వేయకండి. చీకట్లో 20 బోర్ తూటా 12 బోర్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీగా ఉందనుకుని దాని వెనుక 12 బోర్ తూటా వేసి కాల్చితే గొట్టం పగిలిపోతుంది.
3. చెమ్మకు ఉబ్బిన, తుప్పు పట్టిన, పగిలిన తూటాలు వాడకండి. వాటిని డీలరుకు చూపి ఏం చేయాలో అడగండి. ఎండబెట్టడం, పొయ్యి దగ్గర పెట్టడం ప్రాణాంతకం.
4. ట్రిగ్గరు నొక్కినా పేలకపోతే కనీసం అర నిమిషం తుపాకీని అదే దిక్కుగా పట్టుకుని ఉండండి. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది.
5. లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి కొనకండి, ఇతరులకు ఇవ్వకండి. ప్రతి కొనుగోలూ లైసెన్సులో నమోదు చేయించండి.
6. తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట తాళం వేసి ఉంచండి. పిల్లలున్న ఇంట్లో తుపాకీని గోడకు వేలాడదీయకూడదు.

పొలంలో పాటించాల్సిన జాగ్రత్తలు

- మంచె ఎక్కాకే తూటా వేయాలి, దిగే ముందు తీసేయాలి. తూటా ఉన్న తుపాకీతో నిచ్చెన ఎక్కకూడదు.
- దమ్ము చేసిన మడిలో, తడి గట్ల మీద నడిచేటప్పుడు గొట్టం మూతి బురదకు తగలనివ్వకండి. మూతిలో కొద్దిపాటి మట్టి ఉన్నా కాల్చినప్పుడు గొట్టం చీలిపోతుంది. అనుమానం వస్తే తూటా తీసి, గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడండి.
- మంచె మీది నుంచి కిందికి కాల్చితే తప్పిన గుండు నేలలో దిగుతుంది. నేల మీద నిలబడి అడ్డంగా కాల్చడం కంటే ఇది మేలు.
- చుట్టుపక్కల రైతులకు, బావుల దగ్గర పడుకునేవారికి, గొర్రెల మందలు పెట్టుకున్నవారికి సాయంత్రమే చెప్పాలి. రాత్రి మోటారు వేయడానికి ఎవరు వస్తారో కనుక్కోవాలి.
- చప్పుడును బట్టి, కదలికను బట్టి కాల్చకూడదు. టార్చి వెలుగులో పంది పూర్తిగా కనబడాలి.
- మద్యం తాగి తుపాకీ ముట్టకూడదు.
- గాయపడిన పందిని రాత్రిపూట ఒంటరిగా వెంబడించకండి. తెల్లారాక అటవీ సిబ్బందితో కలిసి వెతకాలి.
- బెదిరించడానికి గాలిలోకి కాల్చడం కూడా తగదు. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 1 లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కరెంటు తీగ, నాటు బాంబు: ఈ రెండూ వద్దు

స్తంభం నుంచి కొక్కెం వేసి చేను చుట్టూ బైండింగ్ తీగ లాగడం వల్ల ఎంతోమంది రైతులు, కూలీలు, పశువులు చనిపోతున్నారు. తీగ పెట్టిన రైతే చీకట్లో మరచిపోయి దాన్ని తాకిన సందర్భాలూ ఉన్నాయి. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత కింద నిర్లక్ష్యపు మరణమో, హత్య కాని నేరపూరిత నరహత్యో అవుతుంది. దానికి తోడు 2003 విద్యుత్ చట్టం కింద కరెంటు దొంగతనం కేసు, పంది చస్తే వన్యప్రాణి కేసు కూడా పడతాయి.

ఎరలో పెట్టే నాటు బాంబులు పందికంటే ముందు కుక్కకో, ఆవుకో, ఆడుకునే పిల్లలకో దొరుకుతాయి. వీటిని కొనడం, దాచడం కూడా నేరమే.

తుపాకీ లేకుండా పంటను కాపాడుకునే మార్గాలు

*కలిసి కంచె వేసుకోండి.* చతురస్రాకారంలో ఉన్న ఒక ఎకరం చుట్టుకొలత సుమారు 254 మీటర్లు. అదే ఆకారంలో 10 ఎకరాలు ఒక్క బిట్టుగా ఉంటే చుట్టుకొలత సుమారు 805 మీటర్లు మాత్రమే. అంటే ఎవరికి వారు వేసుకుంటే ఎకరానికి 254 మీటర్ల కంచె కావాలి. పక్కపక్కనే ఉన్న పదిమంది కలిసి వేసుకుంటే ఒక్కొక్కరి వాటా 80 మీటర్లే. మూడు వరుసల తీగ లెక్కన 762 మీటర్ల తీగ బదులు సుమారు 240 మీటర్లతో పని జరుగుతుంది. చిన్న రైతుకు ఇంతకు మించిన ఆదా లేదు.

*ముళ్ల తీగ:* పంది పైనుంచి దూకడం కంటే కింది నుంచి దూరడానికే చూస్తుంది. అందుకే మొదటి వరుస నేలకు బాగా దగ్గరగా ఉండాలి. మూడు వరుసలు, ఒక్కో వరుసకు అడుగు ఎడం సరిపోతుంది.

*సోలార్ కంచె:* ఇది కరెంటు తీగ లాంటిది కాదు. యంత్రం దాదాపు సెకనుకు ఒకసారి, రెప్పపాటు కంటే తక్కువ సేపు మాత్రమే షాక్ పంపుతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది, చావదు. ప్రమాణాలకు తగిన యంత్రాన్నే కొనాలి. తీగకు గడ్డి తగలకుండా వారానికోసారి కోయాలి. లేదంటే షాక్ నేలలోకి దిగిపోయి కంచె పనిచేయదు.

*సరిహద్దు పంటలు:* వేరుశనగ చుట్టూ కుసుమ వరుసలు దగ్గర దగ్గరగా వేస్తే ముళ్లకు పందులు వెనకాడతాయి. మొక్కజొన్న చుట్టూ నాలుగైదు వరుసల ఆముదం వేస్తే దాని ఘాటు వాసన లోపలి పంట వాసనను కప్పేస్తుంది. ఆముదం అదనపు రాబడి కూడా.

*కందకం:* చేను అంచు నుంచి అడుగు ఎడంగా, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతున కందకం తవ్వితే పందులు సులభంగా దాటవు. వాన నీరు నిలబడే నల్లరేగడిలో కంటే ఎర్ర నేలల్లో ఇది నిలుస్తుంది.

*వెంట్రుకలు:* క్షౌరశాలల నుంచి తెచ్చిన వెంట్రుకలను గట్ల వెంట అడుగు వెడల్పున చల్లితే, వాసన చూస్తూ వచ్చే పంది ముక్కులోకి అవి వెళ్లి ఇబ్బంది పెడతాయి. వాన పడితే మళ్లీ చల్లాలి.

ఏ పద్ధతినైనా పంట మొత్తం కాలం ఒకటే వాడితే పందులు అలవాటు పడతాయి. పది, పదిహేను రోజులకోసారి మార్చండి. పందులు మొదటిసారి చేలోకి రాకముందే మొదలుపెట్టండి. ఒకసారి రుచి మరిగిన మందను ఆపడం కష్టం.

పంట నష్టం జరిగితే ఏం చేయాలి?

1. పాడైన పంట, పంది అడుగులు, తవ్విన గుంతలు కనబడేలా తేదీతో ఫోటోలు తీయండి. అధికారులు చూసే వరకు చేను దున్నకండి.
2. అదే రోజు ఫారెస్ట్ బీట్ ఆఫీసరుకు గానీ, రేంజ్ కార్యాలయంలో గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.
3. వ్యవసాయ విస్తరణ అధికారి లేదా గ్రామ వ్యవసాయ సహాయకుడి చేత నష్టం అంచనా వేయించండి.
4. నష్టపరిహారం దరఖాస్తుకు పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు జతచేయండి.
5. నష్టం పదే పదే జరుగుతుంటే ఊరి రైతులంతా కలిసి, గ్రామ పంచాయతీ తీర్మానంతో, షూటర్లను పంపమని అటవీ శాఖను కోరండి. ఒక్కరి ఫిర్యాదు కంటే ఊరంతా సంతకాలు పెట్టిన ఫిర్యాదుకు బలం ఎక్కువ.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

*నా దగ్గర 12 బోర్ లైసెన్సు ఉంది. నా చేలోకి వచ్చిన పందిని కాల్చవచ్చా?*
కాల్చకూడదు. అటవీ శాఖ నుంచి లిఖితపూర్వక అనుమతి ఉండాలి. అందులో రాసిన వ్యక్తి, ప్రాంతం, గడువు, షరతుల ప్రకారమే కాల్చాలి.

*మా అన్న లైసెన్సు తుపాకీ నేను వాడవచ్చా?*
వాడకూడదు. లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే వారే వాడాలి. పంట రక్షణ లైసెన్సులో కాపలాకు మరొకరి పేరు చేర్చాలంటే లైసెన్సు ఇచ్చిన అధికారిని ముందుగా అడగాలి.

*ఎయిర్ గన్‌తో బెదిరించవచ్చా?*
పంది మీద దాని ప్రభావం శూన్యం. కంటికి తగిలితే జంతువుకు నరకం, మీకు కేసు. టపాసులు, డప్పు, కంచె మేలు.

*పక్క రైతు కరెంటు తీగ పెట్టాడు. ఏం చేయాలి?*
మీరు తాకి తీయడానికి ప్రయత్నించకండి. వెంటనే లైన్‌మన్‌కు, విద్యుత్ సబ్‌స్టేషన్‌కు, పోలీసులకు చెప్పండి. మొహమాటపడితే రేపు పోయేది మీ ఇంటి మనిషి ప్రాణమే కావచ్చు.

గుర్తుంచుకోవాల్సినవి

- ముందు కంచె, తర్వాత ఫిర్యాదు, చివరి మార్గంగా అనుమతితో కాల్పులు.
- తుపాకీ తప్పనిసరైతే లైసెన్సు ఉన్న 12 బోర్, తుపాకీ కొలతకు సరిపోయే ఎల్‌జీ తూటా, 25 మీటర్ల లోపు దూరం, మంచె మీది నుంచి కిందికి.
- చదును పొలంలో రైఫిల్ వద్దు. .22 వద్దు. నాటు తుపాకీ అసలే వద్దు.
- పంది వెనుక ఏముందో కనబడకపోతే కాల్చవద్దు. పోయిన పంటను వచ్చే కారులో తిరిగి వేసుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని తిరిగి తెచ్చుకోలేం.

అనుమతులు, పరిహారం, కంచెకు రాయితీల వివరాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. సీజను మొదలయ్యే ముందే మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరును, మండల వ్యవసాయ అధికారిని కలిసి తెలుసుకోండి.